యాంటీవైరస్ రాన్సమ్‌వేర్‌ను నిజంగా ఆపుతుందా? పరీక్షించేదెలా?

తాళంచెవి
మా చిన్న ఆఫీసు కంప్యూటర్లకు యాంటీవైరస్ ఎంచే పని నా మీద పడింది. అకౌంట్ల డేటా, స్కాన్ చేసిన కాగితాలు, పాత ఇన్‌వాయిస్‌లు అన్నీ వాటిలోనే ఉన్నాయి. ఎన్‌క్రిప్ట్ అయిపోతే, అంటే కీ లేకుండా తెరవలేనట్టు మారిపోతే, పని ఆగిపోతుంది. అందుకే ఫైళ్లను అలా బంధించి డబ్బు అడిగే రాన్సమ్‌వేర్ సంగతే ముందు తేల్చుకోవాలనుకుని మూడు ట్రయల్ వెర్షన్లు దింపి, వాటి మీద రాన్సమ్‌వేర్‌లా నటించే ఒక ఉచిత సిమ్యులేటర్ రన్ చేశా. మొదటిది అన్నీ ఆపేసింది. రెండోది సగానికి పైగా వదిలేసింది. మూడోది అసలు నోరెత్తలేదు.

సరే, మొదటిదే కొందామనుకుంటే ఒక వీడియోలో అదే ప్రోడక్ట్ అసలు శాంపిల్ (నిజమైన రాన్సమ్‌వేర్ ఫైలు) ముందు చతికిలపడింది. డెస్క్‌టాప్ నిండా తెల్ల ఐకాన్లు. నోరెత్తని మూడోదేమో అదే వీడియోలో అన్నీ పట్టేసింది! ల్యాబ్ రిపోర్టులు తిరగేస్తే మూడింటికీ దాదాపు ఫుల్ మార్కులు. ఏది నమ్మాలి? నా అంతట నేను సరిగ్గా పరీక్షించుకునే దారి ఉందా?

బిట్టుబైటు
ఐకార్ ఫైలు పెట్టి చూశారా? అది పట్టుకుంటే ఏవీ (యాంటీవైరస్) పనిచేస్తున్నట్టే కదా.

రాత్రిషిఫ్ట్
@బిట్టుబైటు ఆన్‌లో ఉందని తెలుస్తుంది, అంతే. ఐకార్ అంటే 68 అక్షరాల టెక్స్ట్. అది కనిపిస్తే అలర్ట్ ఇవ్వాలని ఏవీ కంపెనీలన్నీ ముందే ఒప్పుకున్నాయి. రాన్సమ్‌వేర్ గురించి అది ఒక్క ముక్క కూడా చెప్పదు.

హెక్స్‌చూపు
సిమ్యులేటర్ ఫలితం రెండు వైపులా తప్పుదోవ పట్టిస్తుంది. అది చేసే పని దగ్గరగా చూడండి. తనకంటూ ఒక ఫోల్డర్ పెట్టుకుంటుంది, అందులో తనే కొన్ని ఫైళ్లు పుట్టిస్తుంది, మళ్లీ వాటినే ఎన్‌క్రిప్ట్ చేస్తుంది. మీ డాక్యుమెంట్స్ జోలికి రాదు, రాకూడదు కూడా. ఇప్పుడు ఏవీ వైపు నుంచి ఆలోచించండి. ఒక ప్రోగ్రామ్ తాను రాసుకున్న ఫైళ్లనే మార్చుకుంటోంది. షాడో కాపీలు (విండోస్ దాచుకునే పాత నకళ్లు) చెరపలేదు, డబ్బు అడుగుతూ నోటు పెట్టలేదు, యూజర్ ఫైళ్లు ముట్టలేదు. ఎందుకు ఆపాలి? మంచి బిహేవియర్ ఇంజిన్ (ప్రోగ్రామ్ ప్రవర్తన చూసి పట్టుకునే భాగం) దీన్ని వదిలేసినా తప్పు పట్టలేం. మీ మూడోది అదే చేసి ఉండొచ్చు.

రెండో వైపు చూస్తే, అందరూ వాడే సిమ్యులేటర్ అయితే దాని ఈఎక్స్‌ఈని సిగ్నేచర్ లిస్టులో (తెలిసిన చెడ్డ ఫైళ్ల గుర్తుల జాబితాలో) పెట్టేస్తే చాలు, నూటికి నూరు వచ్చేస్తాయి. మీ మొదటి ప్రోడక్ట్ లాగ్ తెరిచి చూడండి. ఏ కారణం చెప్పి ఆపింది?

తాళంచెవి
చూశా. సిమ్యులేటర్ పేరే రాసి, పక్కన "హ్యాక్‌టూల్" అని పెట్టింది. రన్ అవకముందే క్వారంటైన్‌కి పంపేసింది.

హెక్స్‌చూపు
అయితే అది పరీక్ష రాయనే లేదు.

వర్చువల్‌రాజు
మరీ అంత కొట్టిపారేయకండి. రాన్‌సిమ్ లాంటి సిమ్యులేటర్లలో మామూలు పనిని కూడా పొరపాటున ఆపుతుందా అని చూసే సీన్లు ఉంటాయి, అవి పనికొస్తాయి. అయినా నేను సిమ్యులేటర్ జోలికే పోలేదు. పైథాన్‌లో చిన్న స్క్రిప్ట్ రాసుకుని, విఎంలో (వర్చువల్ మెషీన్, కంప్యూటర్ లోపల నడిచే ఇంకో కంప్యూటర్) డాక్యుమెంట్స్ ఫోల్డర్‌లో ఉన్న ఫైళ్లను ఏఈఎస్‌తో ఎన్‌క్రిప్ట్ చేసి, ఎక్స్‌టెన్షన్ మార్చి, అసలువి చెరిపేశా. పేరున్న ఒక ప్రోడక్ట్ చివరి ఫైలు దాకా చూస్తూ కూర్చుంది. ఎవరూ ఎరగని కొత్త కోడ్, యూజర్ ఫైళ్లు, ఎన్‌క్రిప్షన్, డిలీట్. ఇంకేం కావాలి దానికి?

హెక్స్‌చూపు
@వర్చువల్‌రాజు ఏవీకి కనిపించిన ప్రాసెస్ మీ స్క్రిప్ట్ కాదు, పైథాన్. అది అందరికీ తెలిసిన ప్రోగ్రామ్. పైగా సెవెన్‌జిప్‌లో పాస్‌వర్డ్ పెట్టి ఆర్కైవ్ చేసి, అయ్యాక అసలు ఫైళ్లు తీసేయమంటే జరిగేదీ ఇదే. దాన్ని ఆపితే యూజర్లు ఊరుకోరు. కానీ చివరి ఫైలు దాకా ఊరుకోవడం మాత్రం ఎక్కువే, అక్కడ మీతో ఏకీభవిస్తా.

వర్చువల్‌రాజు
నాకు అనవసరంగా ఒక అలర్ట్ వచ్చినా పర్వాలేదు బాస్. "అనుమతించు" అని ఒక్క క్లిక్‌తో పోయేది అది. ఫైళ్లు పోతే ఏ క్లిక్‌తో తెచ్చుకోను?

చిన్నిలాగిన్
అసలు శాంపిల్స్ ఎక్కడ దొరుకుతాయి? లింక్ పెట్టండి, నా ల్యాప్‌టాప్‌లో నేనూ ట్రై చేస్తా.

మోడరేటర్
శాంపిల్ లింకులు ఇక్కడ పెట్టకూడదు. విడిగా మెసేజ్‌లో పంపినా ఖాతా ఆగిపోతుంది. @చిన్నిలాగిన్ రోజూ వాడుకునే ల్యాప్‌టాప్‌లో ఆ పని చేయొద్దు.

గోడమీదిపిల్లి
చిన్నిలాగిన్ తర్వాతి పోస్టు "నా ఫైళ్లు తెరుచుకోవట్లేదు, హెల్ప్" అని వస్తుందేమోనని భయపడ్డా 😄

రాత్రిషిఫ్ట్
నవ్వుకోవడానికి బాగానే ఉంది గానీ, విఎం వాడితే చాలు భద్రమే అనుకునేవాళ్లు చాలామంది ఉన్నారు, అది ప్రమాదం. విఎంలో షేర్డ్ ఫోల్డర్ ఆన్‌లో ఉంటే శాంపిల్ కంటికి అది ఇంకో డ్రైవ్. హోస్ట్‌లో (విఎంను నడిపే అసలు కంప్యూటర్‌లో) ఉన్న మీ సొంత ఫైళ్లను అటు నుంచే ఎన్‌క్రిప్ట్ చేసేస్తుంది. షేర్డ్ ఫోల్డర్, క్లిప్‌బోర్డ్, డ్రాగ్ అండ్ డ్రాప్ మూడూ ఆఫ్ చేయాలి. ఆఫీసు నెట్‌వర్క్ ఆ విఎంకి కనపడనే కూడదు. 2017 మే 12న వాన్నాక్రై అనే రాన్సమ్‌వేర్ ఎలా పాకిందో గుర్తుంది కదా. ఎవరూ ఏదీ క్లిక్ చేయనక్కర్లేకుండా ఎస్‌ఎంబీ (విండోస్ ఫైల్ షేరింగ్) లోపం పట్టుకుని ఒక మెషీన్ నుంచి ఇంకో మెషీన్‌కి దూకింది. మైక్రోసాఫ్ట్ ఆ లోపానికి ప్యాచ్‌ను మార్చిలోనే ఇచ్చింది, వేసుకోనివాళ్లు దొరికిపోయారు.

బిట్టుబైటు
అయితే నెట్ పూర్తిగా పీకేసి పరీక్షిస్తే సరి.

హెక్స్‌చూపు
అక్కడ ఇంకో చిక్కుంది. నెట్ తీసేస్తే ఏవీకి క్లౌడ్ అందదు. ఈ రోజుల్లో కొత్త ఫైలు మంచిదా చెడ్డదా అన్నది చాలావరకు అక్కడే తేలుతుంది. నెట్ లేకుండా పరీక్షించి "పట్టలేదు" అనడం అన్యాయం.

శాంపిల్ ప్రవర్తన కూడా మారిపోతుంది. 2013 నాటి క్రిప్టోలాకర్ తన సర్వర్ నుంచి పబ్లిక్ కీ (ఎన్‌క్రిప్ట్ చేయడానికి కావలసిన కీ) తెచ్చుకున్నాకే పని మొదలుపెట్టేది, నెట్ లేకపోతే కదలదు. వాన్నాక్రై దీనికి పూర్తి విరుద్ధం. ఒక పొడవాటి డొమైన్‌ను పిలిచి, జవాబు వస్తే ఆగిపోతుంది. రాకపోతే విజృంభిస్తుంది. కొందరు ల్యాబ్‌లో ఏ డొమైన్ అడిగినా "ఉన్నాను" అని చెప్పే నకిలీ సర్వర్ పెట్టుకుంటారు. అందులో వాన్నాక్రై నోరు మూసుకుని పడుంటుంది. చూసేవాళ్లు "ఆహా, మా ఏవీ ఆపింది" అనుకుంటారు.

లెక్కలమాస్టారు
మొదటి నుంచీ అందరూ పట్టింది, పట్టలేదు అనే మాట్లాడుతున్నారు. తాళంచెవి గారూ, మీకు కావలసిన లెక్క అది కాదు. ఆపేలోపు ఎన్ని ఫైళ్లు పోయాయి, అందులో ఎన్ని తిరిగి వచ్చాయి? ఈ రెండూ రాసుకోని పరీక్షకు విలువ లేదు.

నేను చేసే పద్ధతి చెప్తా. ముందు ఏవీ లేని విఎంలో రన్ చేస్తా. ఫైళ్లు నిజంగా ఎన్‌క్రిప్ట్ అయ్యాయని కళ్లారా చూశాకే ముందుకు. చాలామంది దాటేసేది ఈ మెట్టే. విఎంలో ఉన్నానని పసిగట్టి ఊరుకునే శాంపిల్స్ ఉన్నాయి. రెవిల్, డార్క్‌సైడ్ లాంటివి సిస్టమ్ భాష చూసి, రష్యన్ లాంటి కొన్ని భాషలుంటే వెనక్కి తగ్గేవి. తనంతట తాను ఆగిపోయిన దానికి ఏవీకి మార్కులు వేయకూడదు కదా.

తర్వాత స్నాప్‌షాట్‌కి (ముందే దాచుకున్న విఎం స్థితికి) వెనక్కి వెళ్లి ఏవీ వేస్తా, అప్‌డేట్ అవనిస్తా. డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్, పిక్చర్స్, ఇంకో డ్రైవ్, అన్నిచోట్లా రకరకాల ఫైళ్లు పెట్టి, ప్రతిదాని ఎస్‌హెచ్‌ఏ-256 హ్యాష్ (ఫైలు కాస్త మారినా మారిపోయే వేలిముద్ర లాంటి అంకె) తీసి ఆ జాబితా విఎం బయట దాస్తా. రన్ అయ్యాక మళ్లీ హ్యాష్ తీసి పోలుస్తా. ఐకాన్ చూసి, పేరు చూసి సరిపెట్టుకుంటే మోసపోతారు. 2021లో వచ్చిన లాక్‌ఫైల్ ప్రతి 16 బైట్లకు 16 బైట్లు వదిలేస్తూ ఎన్‌క్రిప్ట్ చేసింది. టెక్స్ట్ ఫైలయితే సగం చదవడానికి కూడా వస్తుంది. ఫైలులో గందరగోళం ఎంత పెరిగిందని కొలిచే ఇంజిన్లను తప్పించుకోవడానికే ఆ ఎత్తు.

ఒకసారి కుడి మూలన "ముప్పు తొలగించాం, మీ కంప్యూటర్ భద్రం" అని పచ్చటి పెట్టె వచ్చింది. వీడియో తీసేవాళ్లయితే అక్కడితో శుభం కార్డు వేస్తారు. హ్యాష్‌లు పోల్చి చూస్తే అక్షరక్రమంలో ముందున్న రెండు ఫోల్డర్లు ఒక్క ఫైలూ మిగలకుండా పోయాయి, మూడోదాంట్లో సగం దగ్గర ఆగింది. ప్రాసెస్‌ను ఆపిన మాట నిజమే. ఆ పోయిన ఫోల్డర్లు ఎవరివైనా అయితే?

నీలిమేఘం
అందుకే కొన్ని ఏవీలు ఎర ఫైళ్లు పెడతాయి. జాబితాలో అందరికంటే ముందు వచ్చేలా వింత పేర్లతో, దాచిపెట్టి ఉంటాయి. వాటిని ఎవడు ముట్టుకున్నా ఆ ప్రాసెస్ ఖతం. మాస్టారూ, మీ టెస్టులో వెనక నుంచి మొదలుపెట్టే శాంపిల్ ఏదైనా చూశారా?

లెక్కలమాస్టారు
@నీలిమేఘం శాంపిల్ దాకా ఎందుకు, వర్చువల్‌రాజు స్క్రిప్ట్ లాంటిదానిలో క్రమం తిరగేస్తే చాలు. ఒకే ప్రోడక్ట్ ముందు నుంచి వెళ్తే వెంటనే పట్టుకుని, వెనక నుంచి వెళ్తే ఆలస్యం చేస్తే దాని బలమంతా ఎర ఫైళ్లలోనే ఉందని అర్థం.

గోడమీదిపిల్లి
ఇదంతా బాగుంది గానీ నాకో మౌలిక సందేహం. అసలు దాడి చేసేవాడు మీ ఏవీ ఆన్‌లో ఉండగా ఎన్‌క్రిప్ట్ చేస్తాడా? ముందు దాన్ని చంపి కదా పని మొదలుపెట్టేది. 2019లో స్నాచ్ అనే రాన్సమ్‌వేర్ కంప్యూటర్‌ను సేఫ్ మోడ్‌లో రీస్టార్ట్ చేసి, ఏవీ లేవకముందే పని కానిచ్చింది. 2020లో రాబిన్‌హుడ్ గిగాబైట్ వాళ్ల పాత డ్రైవర్‌ను తెచ్చిపెట్టి, దానిలోని లోపంతో ఏవీ ప్రాసెస్‌లను లేపేసింది. అదే ఏడాది రాగ్నర్ లాకర్ ఏకంగా ఒక విఎంను వెంట తెచ్చుకుని అందులోంచి ఎన్‌క్రిప్ట్ చేసింది. డబుల్ క్లిక్ చేసి చూసే మీ పరీక్ష వీటిలో దేన్ని కొలుస్తుంది?

వర్చువల్‌రాజు
అంటే పరీక్షించడం మానేయాలా?

గోడమీదిపిల్లి
మానేయమనలేదు. డబుల్ క్లిక్ టెస్టులో ఫుల్ మార్కులు వచ్చాయని ధీమాగా పడుకోవద్దంటున్నా.

రాత్రిషిఫ్ట్
ఇద్దరి మాటా నిజమే గానీ పిల్లిగారు చెప్పినవి ఎక్కువగా పెద్ద సంస్థల మీద, లోపల మనిషి కూర్చుని చేసిన దాడులు. 2021లో అమెరికా ఇంధన సంస్థ కలోనియల్ పైప్‌లైన్‌లోకి పాత విపిఎన్ ఖాతా పాస్‌వర్డ్‌తోనే దూరారు, దానికి రెండో మెట్టు ధృవీకరణ లేదు. చిన్న ఆఫీసులో కూడా రిమోట్ డెస్క్‌టాప్ నెట్‌కి తెరిచి పెడితే అదే కథ. అడ్మిన్ హక్కులతో లోపలికి వచ్చినవాడికి ఏవీ పెద్ద అడ్డు కాదు. కాబట్టి పరీక్షలో ఇది కూడా చేర్చండి: మామూలు యూజర్‌గా, అడ్మిన్‌గా రెండు రకాలుగా ఏవీ సర్వీసును ఆపడానికి ప్రయత్నించండి. ట్యాంపర్ ప్రొటెక్షన్ (ఏవీని ఎవరూ ఆపకుండా కాపాడే సెట్టింగ్) ఆన్‌లో ఉందా, సెట్టింగ్‌లకు పాస్‌వర్డ్ అడుగుతుందా, అన్‌ఇన్‌స్టాల్ చేయబోతే ఏమంటుంది? వీటికి శాంపిల్ అక్కర్లేదు.

బిట్టుబైటు
సందర్భం వచ్చింది కాబట్టి చెప్తున్నా. 1989లో వచ్చిన మొట్టమొదటి రాన్సమ్‌వేర్, ఎయిడ్స్ సమాచారం పేరుతో ఫ్లాపీల్లో పోస్టులో వెళ్లినది, సుమారు 90 సార్లు కంప్యూటర్ ఆన్ చేసేదాకా ఏమీ చేయలేదు. తర్వాత ఫైళ్ల పేర్లు గజిబిజి చేసి 189 డాలర్లు పనామాకు పంపమంది. దాన్ని వీడియో టెస్టర్లు పరీక్షిస్తే "సురక్షితం" అని తేల్చేసేవాళ్లు 😀

హెక్స్‌చూపు
@బిట్టుబైటు 😀 నవ్వించారు గానీ మంచి పాయింట్.

తాళంచెవి
వీడియో సంగతి ఎవరూ పూర్తిగా చెప్పలేదు. అసలు శాంపిల్సే కదా వాడారు. మరి దాన్నెందుకు నమ్మకూడదు?

నీలిమేఘం
ఒక ఫోల్డర్ నిండా శాంపిల్స్ పోసి రైట్ క్లిక్ స్కాన్ చేశాడా? అయితే కొలిచింది సిగ్నేచర్లను. అవి పాతవైతే అందరికీ తెలిసినవే. తర్వాత రియల్ టైమ్ ఆపేసి, బిహేవియర్ ఒక్కటే ఉంచి రన్ చేశాడా? అలా ఎవరూ వాడరు. పైగా అసలు దాడిలో ఫైలు మెయిల్ ద్వారానో బ్రౌజర్ ద్వారానో వస్తుంది. యుఆర్‌ఎల్ ఫిల్టర్, మెయిల్ స్కాన్, "ఇది నెట్ నుంచి వచ్చిన ఫైలు" అనే గుర్తు చూసి అడ్డుపడే స్మార్ట్‌స్క్రీన్, ఇవన్నీ దాటాలి. ఆర్కైవ్‌లోంచి తీసి డెస్క్‌టాప్ మీద పెట్టుకున్న శాంపిల్‌కి ఆ గుర్తే లేకపోవచ్చు. నాలుగు గోడలున్న చోట మూడు పడగొట్టి నాలుగోది గట్టిదా అని అడిగినట్టు.

అందుకే నాకు ల్యాబ్ రిపోర్టుల మీదే గురి. మాగ్డెబర్గ్‌లోని ఏవీ-టెస్ట్, ఇన్స్‌బ్రుక్‌లోని ఏవీ-కంపారిటివ్స్, లండన్ ఎస్‌ఈ ల్యాబ్స్ చేసే పెద్ద టెస్టుల్లో దాడి ఏ దశలో ఆగిందో కూడా చూపిస్తారు. ఏవీ-టెస్ట్ అడ్వాన్స్‌డ్ టెస్టులో రాన్సమ్‌వేర్‌ను మెట్టు మెట్టుగా చూసి పాయింట్లు వేస్తారు. పైపైన నక్షత్రాలు చూసి వదిలేయకుండా లోపలి పట్టిక చదవండి.

వర్చువల్‌రాజు
ల్యాబ్‌లకు డబ్బు కట్టేది ఆ ఏవీ కంపెనీలే కదా?

నీలిమేఘం
చాలా టెస్టుల్లో కంపెనీలు రుసుము కడతాయి, అవును. అందుకే పద్ధతి ముందే ప్రకటించాలి, తప్పు జరిగిందంటే కంపెనీ వాదించుకునే అవకాశం ఉండాలి అని 2008లో ఏఎంటీఎస్‌ఓ అనే సంస్థ పెట్టుకుని ప్రమాణాలు రాసుకున్నారు. ఒక్క ల్యాబ్‌ను నమ్మొద్దు. రెండు మూడు ల్యాబ్‌ల్లో వరుసగా నిలకడగా ఉన్నదాన్ని చూడండి. పొరపాటు హెచ్చరికల అంకె తప్పకుండా చూడండి.

లెక్కలమాస్టారు
నీలిమేఘం గారి మాటకు ఒక్కటి కలుపుతా. అసలు శాంపిల్స్‌తో పని ల్యాబ్‌లకు వదిలేయండి. మీరు చేయగలిగింది, చేయాల్సింది మీ ఆఫీసు అమరికను పరీక్షించడం. విఎంలో నకలు ఫైళ్లు పెట్టి, మీరే రాసుకున్న స్క్రిప్ట్‌తో. రోల్‌బ్యాక్ (పోయిన ఫైళ్లను తిరిగి తెచ్చే సదుపాయం) ఉన్న ప్రోడక్ట్ అయితే ఆపిన వెంటనే ఒక లెక్క, ఫైళ్లు తిరిగి తెచ్చాక ఇంకో లెక్క. చిన్న ఫైళ్లతోనే ఆపకండి, అకౌంట్ల డేటాబేస్ అంత పెద్ద ఫైలు ఒకటి పెట్టండి. కొన్ని రోల్‌బ్యాక్‌లకు సైజు పరిమితి ఉంటుంది. వర్డ్ ఫైళ్లు వచ్చేస్తాయి, డేటాబేస్ రాదు.

హెక్స్‌చూపు
రోల్‌బ్యాక్ దేని మీద ఆధారపడిందో కూడా చూసుకోండి. విండోస్ షాడో కాపీల మీదే అయితే, చాలా రాన్సమ్‌వేర్‌లు మొదట చేసే పని విఎస్ఎస్-అడ్మిన్ కమాండ్‌తో వాటిని తుడిచేయడం. విఎంలో ఆ కమాండ్ మీరే కొట్టి చూడండి, ఏవీ అడ్డుకుంటే సంతోషం.

రాత్రిషిఫ్ట్
@తాళంచెవి ముఖ్యమైన ప్రశ్న. మీ అకౌంట్ల ఫైళ్లు ఎవరి కంప్యూటర్‌లో వాళ్లకున్నాయా, ఒకదాంట్లో పెట్టి షేర్ చేసుకున్నారా?

తాళంచెవి
ఒక డెస్క్‌టాప్‌లో షేర్ చేసి ఉంది. మిగతావాళ్లంతా దాంట్లోకే రాస్తారు. స్కానర్ తగిలించిన పాత పీసీ కూడా.

రాత్రిషిఫ్ట్
అయితే ఈ పరీక్ష తప్పనిసరి. రెండు విఎంలు పెట్టండి. ఒకదాంట్లో ఏవీ వేసి ఫోల్డర్ షేర్ చేయండి, రెండోదాంట్లో ఏవీ వేయకండి. రెండోదాని నుంచి నెట్‌వర్క్ ద్వారా మొదటిదాని షేర్ మీద స్క్రిప్ట్ నడపండి. మొదటి మెషీన్‌లో ఏ చెడ్డ ప్రాసెస్సూ ఉండదు, విండోస్ ఫైల్ షేరింగే ఫైళ్లు రాస్తున్నట్టు కనిపిస్తుంది. దేన్ని చంపాలో ఏవీకి తెలియదు. డబుల్ క్లిక్ టెస్టులో మెరిసినవి చాలా ఇక్కడ తేలిపోతాయి.

వర్చువల్‌రాజు
ఇది నేనెప్పుడూ ఆలోచించలేదు. ఈ రాత్రికే చేసి చూస్తా.

చిన్నిలాగిన్
విండోస్‌లో "కంట్రోల్డ్ ఫోల్డర్ యాక్సెస్" అని ఉంది కదా, అది ఆన్ చేస్తే ఇంత గొడవ ఎందుకు?

హెక్స్‌చూపు
మంచిదే. 2017 చివర్లో విండోస్ 10కి వచ్చింది, తనంతట తాను ఆన్‌లో ఉండదు, విండోస్‌తో వచ్చే డిఫెండరే ప్రధాన ఏవీగా ఉండాలి. వేరే ఏవీ వేస్తే పోతుంది. ఇది పట్టుకోవడం మీద ఆధారపడదు. నమ్మిన ప్రోగ్రామ్ తప్ప ఇంకెవరూ ఆ ఫోల్డర్లలో రాయలేరు, అంతే. వచ్చిన చిక్కల్లా మీ అకౌంట్ల సాఫ్ట్‌వేర్ కూడా మొదటి రోజు సేవ్ అవకపోవచ్చు. దాన్ని చేత్తో అనుమతి జాబితాలో చేర్చాలి.

తాళంచెవి
రెండు విఎంలు పెట్టుకుని, నకలు ఫైళ్లతో చేసి చూశా. ఫలితాలివీ.

మొదటిది, సిమ్యులేటర్‌ను పేరుతో పట్టుకున్నది, స్క్రిప్ట్‌ను చివరిదాకా వదిలేసింది. రెండోది మధ్యలో ఆపింది గానీ పోయినవి తిరిగి తేలేదు. సిమ్యులేటర్ ముందు నోరెత్తని మూడోది డాక్యుమెంట్స్‌లో కొన్ని ఫైళ్లు పోగానే ఆపేసి, ఆ పోయినవన్నీ తిరిగి తెచ్చింది. హ్యాష్‌లు సరిపోయాయి. పెద్ద డేటాబేస్ నకలు మాత్రం రాలేదు, మాస్టారు చెప్పినట్టే. క్రమం తిరగేస్తే కాస్త ఆలస్యం, అయినా ఆపింది.

నెట్‌వర్క్ షేర్ మీద నడిపితే మూడూ చేతులెత్తేశాయి. ఒక్క అలర్ట్ లేదు. షేర్డ్ ఫోల్డర్ మొత్తం పోయింది.

మూడోదే కొంటున్నా, స్కానర్ పీసీతో సహా ప్రతి కంప్యూటర్‌కీ. డేటాబేస్‌కి రోజూ సాయంత్రం బయటి డిస్క్‌లోకి బ్యాకప్, అయ్యాక డిస్క్ పీకేస్తాం. షేర్ సంగతే ఏం చేయాలో చెప్పండి.

వర్చువల్‌రాజు
నాకూ షేర్ మీద అదే ఫలితం. వేరే ప్రోడక్ట్‌తో.

రాత్రిషిఫ్ట్
@తాళంచెవి స్కానర్ పీసీకి ఒక్క స్కాన్ల ఫోల్డర్‌లోనే రాసే హక్కు ఇవ్వండి, అకౌంట్ల ఫోల్డర్ దానికి కనిపించనే అక్కర్లేదు. మిగతావాళ్లకు కూడా ఎవరు ఏ ఫోల్డర్‌లో రాస్తారో అంతే ఇవ్వండి, "అందరికీ పూర్తి హక్కులు" తీసేయండి. ప్రతి పీసీకి వేరే యూజర్, వేరే పాస్‌వర్డ్. మార్చాక ఏవీ లేని విఎంలో స్కానర్ యూజర్‌తో లాగిన్ అయి, నకలు షేర్ మీద అదే స్క్రిప్ట్ మళ్లీ నడపండి.

తాళంచెవి
నడిపా. స్కాన్ల ఫోల్డర్ పోయింది, అకౌంట్ల ఫోల్డర్ హ్యాష్‌లన్నీ సరిపోయాయి. రేపు ఆఫీసు మెషీన్‌లో ఇవే హక్కులు పెడుతున్నా.